సోల్డరింగ్ అయ్యాక సెన్సార్ దూరం తప్పు చెప్తోందా? కాలిబ్రేషన్ ఇలా చేయండి

రాయచోటిలో ఎండాకాలం సంపులో నీళ్లెన్ని ఉన్నాయో ఫోన్‌లోనే తెలిస్తే ట్యాంకర్‌కి ముందే చెప్పుకోవచ్చు కదా. అందుకే సంపు మూతకి లోపలివైపు వీఎల్53ఎల్0ఎక్స్ సెన్సార్ పెడుతున్నాం. ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ వాళ్లది, పొడవు 4.4 మిల్లీమీటర్లే. కంటికి కనపడని 940 నానోమీటర్ల లేజర్ వదిలి, ఆ వెలుతురు తగిలి వెనక్కొచ్చే టైమ్‌ని కొలుస్తుంది. నీళ్ల మీద నేరుగా వేస్తే రీడింగ్ నిలవదు, తెల్ల థర్మాకోల్ ముక్క తేలేసి దాన్ని కొలవండి.

వెలుతురు ఒక్క నానోసెకన్‌లో 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే సెంటీమీటరు దూరం తేడాకి, పోయి రావడంలో తేడా 67 పికోసెకన్లే! అందుకే బోర్డుకి సోల్డర్ చేసినా, పైన అద్దం పెట్టినా ఫ్యాక్టరీ సెట్టింగ్ కాస్త జరుగుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న సంపులో 3 సెంటీమీటర్లు తప్పితే 30 లీటర్లు, దాదాపు రెండు బిందెలు.

తప్పులు రెండు రకాలు. ఆఫ్‌సెట్ అంటే అన్ని దూరాల్లోనూ ఒకే తేడా, తీసేస్తే సరిపోతుంది. క్రాస్‌టాక్ మాత్రం మోసకారి. తడి తగలకుండా మనం పెట్టే అక్రిలిక్ షీటే కొంత వెలుతురుని వెనక్కి కొడుతుంది. దూరం పెరిగేకొద్దీ రీడింగ్ అసలుకన్నా తగ్గిపోతుంది. అంటే సంపు ఖాళీ అయ్యేకొద్దీ యాప్ నీళ్లు ఎక్కువున్నాయని చెప్తుంది. సరిగ్గా ట్యాంకర్ అవసరమయ్యే టైమ్‌కే!

సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ పోవాలని బోర్డుని కడగొద్దు, ఈ ప్యాకేజీ సీల్ చేసింది కాదు. సెన్సార్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయండి. షీట్ బిగించాకే మొదలుపెట్టండి. ముందు స్పాడ్ కాలిబ్రేషన్, తర్వాత టెంపరేచర్, ఈ రెండూ ఎస్‌టీ ఏపీఐలో ఫంక్షన్ పిలిస్తే అయిపోతాయి. వేడి 8 డిగ్రీలకన్నా మారితే టెంపరేచర్‌ది మళ్లీ చేయాలి. మన దగ్గర పొద్దున్నకీ మధ్యాహ్నానికీ అంత తేడా మామూలే, కాబట్టి కోడ్‌లోనే పెట్టేయండి.

తర్వాత ఆఫ్‌సెట్. చీకటి గదిలో తెల్ల కాగితాన్ని స్కేలుతో కొలిచి కచ్చితంగా 100 మిల్లీమీటర్ల దగ్గర నిలబెట్టండి. చివరగా క్రాస్‌టాక్. ఫొటోగ్రాఫర్ల గ్రే కార్డ్‌ని మెల్లగా వెనక్కి జరుపుతూ, రీడింగ్ ఎక్కడ తగ్గడం మొదలైందో ఆ దూరంలో చేయండి. ఈ వరుస మార్చొద్దు.

వచ్చిన నంబర్లని కంట్రోలర్‌లో సేవ్ చేసి, కరెంట్ పోయి వచ్చిన ప్రతిసారీ సెన్సార్‌కి మళ్లీ ఎక్కించాలి, దానంతటది గుర్తుపెట్టుకోదు. మీ ఫ్రెండ్ బోర్డు నంబర్లు కాపీ కొట్టినా లాభం లేదు, ఏ సెన్సార్‌ లెక్క దానిదే.