మన వెబ్‌సైటును మనమే నిర్మించుకొందము

ఆదోని ప్రత్తి విపణి పేరెన్నికగన్నది. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన సహకార సంఘము వలన ఎమ్మిగనూరు చేనేతకు కీర్తి కలిగినది. అయినను ఈ పట్టణములకు చేరువనున్న పెద్దకడుబూరు వంటి గ్రామములలో పండించినవాని పేరు గాని, నేసినవాని పేరు గాని కొనువానికి తెలియుట అరుదు. తమ సరకును, తమ చిరునామాను తామే లోకమునకు తెలుపుకొనుటకు వెబ్‌సైటు మంచి సాధనము. దానిని ఇంజనీర్లు మాత్రమే నిర్మింపగలరను భయము వలదు.

పూర్వము ప్రతి పుటను సంకేత భాషలో వ్రాయవలసి యుండెను. విషయ నిర్వహణ సాఫ్ట్‌వేరు ఆ శ్రమను తగ్గించినది. ఇందు విషయము ఒకచోటను, దాని రూపము వేరొకచోటను ఉండును. పడుగు అదియే యైనను పేక రంగు మార్చిన చీర రూపు మారునట్లు, వ్రాసినది చెదరకయే వెబ్‌సైటు రూపమును మార్చవచ్చును.

ఇట్టివానిలో వర్డ్‌ప్రెస్ ముఖ్యమైనది. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు దీనిని 2003 మే 27న వెలువరించిరి. నేడు ప్రపంచమందలి వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దీనిపై నడచుచున్నవి. దీని మూలసంకేతము బహిరంగము. ఎవరైనను ఉచితముగా గైకొని, మార్చుకొని, ఇతరులకు పంచవచ్చును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీయు ఇట్టిదే.

నేర్చుకొను క్రమము

మొదట సొంత కంప్యూటరులోనే దీనిని స్థాపించి సాధన చేయవలెను. పొరపాటు జరిగినను అది లోకమునకు కనబడదు; తిరిగి చేయవచ్చును. తెలుగు విషయమును యూనికోడ్ లిపిలో వ్రాయవలెను. అప్పుడే వెదకువారికి దొరకును. ఫొటోల పరిమాణము తగ్గించినచో సామాన్యమైన ఫోనులోను పుట త్వరగా తెరచుకొనును.

సాధన ముగిసిన పిదప వెబ్‌సైటుకు పేరును, సర్వరులో చోటును సంపాదింపవలెను. సాఫ్ట్‌వేరు ఉచితమే గాని, వీనికి ఏటేట రుసుము చెల్లింపవలసి యుండును. గడువు దాటి చెల్లింపనిచో ఆ పేరు పరుల పాలు కావచ్చును.

జాగ్రత్తలు

పేరును సంఘము పేరిటనే నమోదు చేయింపవలెను. నిర్మించి యిచ్చిన వ్యక్తి పేరిట నున్నచో, అతడు విడిచిపోయిన నాడు సంవత్సరముల శ్రమ అతని చేతిలోనే చిక్కుకొనును. సంకేతపదమును ఊహింప వీలుకానిదిగా ఉంచవలెను. సాఫ్ట్‌వేరు క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల మార్చుకొనవలెను. పాత కూర్పులలోని లోపములే దొంగలకు ద్వారములు. సమస్త విషయమునకు ఒక ప్రతిని వేరుగా భద్రపరచవలెను. సభ్యుల ఆధార్, బ్యాంకు వివరములను ఎన్నడును ప్రకటింపరాదు.

చదువుకొన్న యువతీయువకులు దీనిని నేర్చి, మరియొకరికి నేర్పినచో గ్రామము పరులపై ఆధారపడనక్కరలేదు. మన వస్త్రము వలెనే మన వార్తయు మన చేతిమీదుగనే వెలువడవలెను.