చౌడు నేలలో సిమెంటు బ్లాకులు: బలం ఒక్కటే చాలదు

ఖాజీపేట: సిమెంటు బ్లాకుల బేరం సాధారణంగా బలం మీదనే తెగుతుంది. పునాదిలోకి దిగే సరుకుకు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఆ నేలలో, ఆ బావి నీటిలో సల్ఫేటు ఎంత?

కె.సి. కాలువ ఆయకట్టులో నల్లరేగడితో పాటు చౌడు పట్టిన మళ్లూ ఉన్నవి. ఇటువంటి పొలాలు ఇళ్ల స్థలాలైనప్పుడే చిక్కు. నేలపై తెల్లగా తేలినదంతా సల్ఫేటు కాదు. క్లోరైడో, కార్బొనేటో కావచ్చు. మట్టి పరీక్షే తేల్చాలి. వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోలు వేసే జిప్సం కూడా సల్ఫేటే. అయితే అది లీటరు నీటిలో సుమారు 2.4 గ్రాములకు మించి కరగదు. సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లు ఎన్నో రెట్లు కరుగుతాయి గనుక వాటి దెబ్బ పెద్దది. మంగంపేట ముగ్గురాయీ సల్ఫేటే, కాని నీట కరగదు గనుక దానితో భయం లేదు.

కరిగిన సల్ఫేటు బ్లాకు సందుల గుండా లోనికి చేరి, సిమెంటులోని అల్యూమినేటుతో కలిసి ఉబ్బుతుంది. మూలలు రాలుతాయి, పగుళ్లు వస్తాయి, చివరకు గీకితే పొడి అవుతుంది. నేలకు జానెడు, మూరెడు పైన నష్టం ఎక్కువ. తేమ అక్కడ ఆరిపోయి, ఉప్పు అక్కడే మిగులుతుంది.

మట్టిలో సల్ఫేటు 0.2 శాతం లోపుంటే మామూలు సిమెంటు చాలునని ఐ.ఎస్. 456 (2000) చెబుతున్నది. 0.5 నుంచి 1 శాతం ఉన్నచోట సల్ఫేటు నిరోధక సిమెంటు ఘనపు మీటరుకు 330 కిలోలు, బూడిద లేక స్లాగు కలిసిన సిమెంటైతే 350 కిలోలు తగ్గరాదు. నిరోధక సిమెంటులో ట్రైకాల్షియం అల్యూమినేటు 5 శాతం మించరాదు.

అయితే ఈ లెక్కలు పోతపోసిన కాంక్రీటుకు. పలుచని పాళ్లతో, పొడిమాలుతో అచ్చువేసిన బ్లాకులో ఎంత మంచి సిమెంటు వాడినా సందులు మూసుకోవు. ఐ.ఎస్. 2185 ప్రకారం బ్లాకు నీటి పీల్పు బరువులో 10 శాతం మించరాదు. అంటే ఓవెన్‌లో ఆరబెట్టిన 20 కిలోల బ్లాకు 24 గంటలు నానినా 2 కిలోలకు మించి నీరు తాగకూడదు. ఎండలో ఆరినదానిని తూస్తే లెక్క తేలికగా వస్తుంది, దానిని నమ్మరాదు.

యర్రగుంట్ల మండలంలోని రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద ఈ ప్రాంతపు బ్లాకుదారులకు అందుబాటులోనే ఉన్నది. సల్ఫేటుకు తట్టుకోవడంలో బూడిద మేలే, కాని దానికి తడి ఎక్కువ రోజులు కావాలి. ప్రమాణం కోరే తడి కనీసం 14 రోజులు. ఏడో రోజునే లారీకెక్కించే యార్డుకు ఈ మేలు దక్కదు.

పునాది రాతితో లేపి, బ్లాకు పైగోడకే వాడితే చాలునని కొందరి వాదన. రాయి నిలుస్తుంది, కాని సందుల్లోని మాలు అదే సిమెంటు గదా. పైగా తేమ అడ్డుపొర వేయకపోతే ఉప్పు పైవరుసలకూ ఎక్కుతుంది.

గోడ ఉబ్బిననాడు కొన్నవాడు ముందు వెదికేది సరుకు పంపినవాడినే. బిల్లుపై "పునాదికి" అనో, "పైగోడకు" అనో రాసి, పునాది సరుకుకు పీల్పు పరీక్ష కాగితం జతచేస్తే ఆ తగవులో వర్తకుడి చేతిలో కొంత ఆధారమైనా ఉంటుంది.