కారవాన్ కుళాయి దగ్గింది... షూటింగ్ ఆగింది!

సాయంత్రం నాలుగు గంటలు. సూళ్ళూరుపేట దాటి శ్రీహరికోట దీవికి పోయే రోడ్డు. రెండు పక్కలా పులికాట్ సరస్సు. అల్లంత దూరాన ఫ్లెమింగో పక్షుల గుంపు. వాటి జోలికి పోకుండా, అధికారులు గీత గీసి చూపించిన మేరలో, ఒడ్డున ఓ సినిమా యూనిట్ హడావుడి!

చిత్రం పేరు, కథానాయిక పేరు ఇప్పుడే అడక్కండి. చెప్పనని మాటిచ్చాను. మీరు ఊహించుకుంటే మాత్రం నా తప్పు లేదు!

అంతవరకూ తీసింది బురదలో పాట. నాయికతోబాటు ఎనిమిది మంది డ్యాన్సు అమ్మాయిలు. పులికాట్ బురదంటే మామూలు బురద కాదు, ఉప్పు బురద. ఆరితే ఒళ్ళు చురచురమంటుంది. తరవాతి షాట్‌లో ఈ తొమ్మిది మందీ తెల్లబట్టల్లో, పొద్దుగూకే వెలుగులో కనిపించాలి. అంటే గంటన్నరలో అందరూ కడుక్కుని, బట్టలు మార్చుకుని, మేకప్ వేసుకుని రావాలి. పొద్దు ఎవరి కోసమూ ఆగదు కదా! మర్నాటికి నాయిక డేట్లు లేవు.

సరిగ్గా అప్పుడు వినిపించింది కారవాన్ లోంచి ఆవిడ కేక.

"ఏంటయ్యా ఇది? కుళాయికి దగ్గు పట్టుకుందా?"

నిజంగా దగ్గే! నీళ్ళు ఓ చెంచాడు వస్తాయి, ఆగుతాయి, తుస్సుమని గాలి ఊదుతుంది, మళ్ళీ గుప్పున చిమ్ముతాయి. మంచం కింద పంపు 'టకటక... టక... టకటక' అంటూ గుండెదడ వచ్చిన మనిషిలా కొట్టుకుంటోంది. నాయిక ముఖం నిండా సబ్బు. కళ్ళు మంట. బయట బురద ఆరిపోతూ ఎనిమిది మంది అమ్మాయిలు.

ప్రొడక్షన్ మేనేజర్ గారు కారవాన్ కుర్రాడి మీద విరుచుకుపడ్డారు. "పంపు కాల్చేశావు కదరా! కొత్తది మద్రాసు నుంచి తెప్పిస్తున్నా. దాని ఖరీదు నీ బేటాలో కోస్తా!"

ఆయన నోట చెన్నై ఇంకా మద్రాసే! అక్కణ్ణించి బండి బయల్దేరినా వచ్చేసరికి రాత్రవుతుంది. కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. ఊరు గూడూరు పక్కన. నెలకింతని ఇంటికి పంపిస్తే గానీ గడవని వాడు. "నేనేం చేశా సార్?" అన్నాడు గానీ, ఆ మాట వినే ఓపిక అక్కడెవరికీ లేదు.

చెట్టు నీడ నుంచి చక్రాల మేడ దాకా

అన్నట్టు, ఈ కారవాన్ సంగతి కొంచెం చెప్పాలి. 1970లలో అవుట్‌డోర్ అంటే చెట్టు నీడ, మడతకుర్చీ, పెద్ద గొడుగు. బట్టలు మార్చుకోవాలంటే తారలు ఊళ్ళో ఎవరింటి గదో అడిగి తీసుకునేవారు. డ్యాన్సు అమ్మాయిలకైతే నాలుగు చీరలు అడ్డం పట్టుకుంటే అదే గది! హిందీ చిత్రసీమలో వానిటీ వ్యానుల వ్యాపారానికి తొలి అడుగు వేసిన తారగా నటి పూనమ్ ధిల్లాన్‌ను చెబుతారు. ఆ గాలి తెలుగుకూ వీచింది. ఇవాళ పెద్ద తార వెంట ఏసీ, అద్దం, సోఫా, స్నానాల గదితో చక్రాల మేడ ఉండాల్సిందే.

కానీ ఆ మేడకు మిద్దె మీద ట్యాంకు ఉండదు. నీళ్ళ ట్యాంకు కిందనే ఉంటుంది. కుళాయి తిప్పగానే నీళ్ళను పైకి తోసేది రెండు గుప్పిళ్ళంత పంపు. బ్యాటరీ మీద, 12 ఓల్టులతో నడుస్తుంది. ఆ బుల్లి పంపు అలిగితే లక్షల ఖరీదు చేసే కారవాన్ కూడా ఒట్టి రేకు డబ్బానే!

మేస్త్రి ప్రవేశం

లైట్‌మన్ ఒకాయన సూళ్ళూరుపేటకు ఫోన్ కొట్టి ఓ మేస్త్రిని పిలిపించాడు. అరవై దాటిన మనిషి. లుంగీ, భుజాన గోనెసంచి. మోటార్ల రిపేరు చేస్తాడు. ఒకప్పుడు దీవిలో కాంట్రాక్టరు కింద పైపుల పని చేశాడట.

"పంపు పోయుండాదని ఎవురు చెప్పినారు?" అన్నాడు రాగానే.

మేనేజర్ గారు గొంతు సవరించుకున్నారు.

"పోయిన పంపు చప్పుడు చెయ్యదు సామీ. ఇది కొట్టుకుంటా ఉండాది. అంటే బతికే ఉండాది. దానికి ఊపిరి ఆడట్లేదు, అంతే. చూద్దాం పట్టబ్బయా!"

నేను నోటుబుక్కు తీశాను. హీరోయిన్ ఇంటర్వ్యూకి వచ్చిన నాకు ఆ పూట అసలు హీరో ఈ ముసలాయనే అనిపించింది.

ముందుగా ట్యాంకు మూత తీయించాడు. ట్యాంకులోంచి నీళ్ళు బయటికి పోతుంటే ఆ జాగాలోకి గాలి రావాలి. గాలి వచ్చే సన్నగొట్టం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పంపుకు నీళ్ళు అందవు. మూత తీసి పంపు వేశాడు. దగ్గు తగ్గలేదు. "ఇది కాదు" అని ఓ వేలు మడిచాడు.

రెండోది కరెంటు. పంపు తిరుగుతూ ఉండగానే, దాని తీగల దగ్గరే మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర 12 ఓల్టులు ఉన్నా, తుప్పు పట్టిన కనెక్షన్ ఉంటే పంపు దాకా వచ్చేసరికి తగ్గిపోతుందట. ఉప్పుగాలి తగిలే చోట ఇది మామూలే. ఇక్కడ కరెంటు సరిగానే ఉంది. రెండో వేలూ మడిచాడు.

మూడోది జల్లెడ. పంపు స్విచ్చి ఆపించి, నీళ్ళు పంపులోకి వెళ్ళే ముందుండే చిన్న గాజులాంటి గిన్నె విప్పాడు. దాన్నిండా సన్న ఇసుక, నాచు, ప్లాస్టిక్ పొట్టు! పొద్దున ట్యాంకరు నీళ్ళతో వచ్చిన సరుకన్నమాట. కడిగి బిగించాడు. ధార కొంచెం లావైంది. కానీ తుస్సు మాత్రం పోలేదు.

శత్రువు గాలి

నాలుగోదే అసలు దొంగ. పంపుకూ ట్యాంకుకూ మధ్య గొట్టంలో ఓ జానెడు పారదర్శకమైన ముక్క ఉంది. అక్కడ టార్చి వేసి నన్ను పిలిచాడు. "చూడుండా సామీ!"

ముత్యాల్లాగా గాలి బుడగలు బారులు తీరి పంపులోకి పోతున్నాయి.

"అయితే నీళ్ళు కారాలి కదా మేస్త్రీ? ఎక్కడా తడి లేదే!" అన్నాన్నేను.

ఆయన నవ్వాడు. "పంపు తోసే పక్క సందుంటే నీళ్ళు కారతాయి. లాగే పక్క సందుంటే నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతాది. అందుకే ఈ దొంగ ఎవురికీ దొరకడు."

జల్లెడ గిన్నె రబ్బరు రింగు మీద ఒకే ఒక్క ఇసుక రేణువు! దానిమూలాన రింగు సరిగ్గా కూర్చోలేదు. పైన గొట్టం క్లిప్పు కూడా అర మర వదులు. రింగు తుడిచి, క్లిప్పు బిగించాడు. పంపు వేశాడు. బుడగలు మాయం! కుళాయి దగ్గు మానింది. ఆలకిస్తున్న కుర్రాడి ముఖంలో వెలుగొచ్చింది.

అయినా పేచీ ఇంకొకటి మిగిలింది. కుళాయి పూర్తిగా తిప్పితే ధార బాగానే ఉంది. సన్నగా తిప్పితే మాత్రం పంపు మళ్ళీ 'టక... టక... టక'. ధార తూగుటుయ్యాల! నాయిక కళ్ళలో సబ్బు కడుక్కోవాలంటే కావలసింది ఆ సన్నధారే కదా.

ఎందుకో మేస్త్రి చెప్పాడు. పంపులో ఓ స్విచ్చి ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి ఒక హద్దు దాటగానే పంపును ఆపేస్తుంది. పంపుని బట్టి మారినా, చాలా వాటిలో ఆ హద్దు చదరపు అంగుళానికి 40 నుంచి 55 పౌన్ల మధ్య. ఒత్తిడి కాస్త పడితే మళ్ళీ నడిపిస్తుంది. కుళాయి సన్నగా తిప్పితే పంపు తోసే నీళ్ళెక్కువ, పోయే నీళ్ళు తక్కువ. వెంటనే ఒత్తిడి పెరిగి పంపు ఆగుతుంది, మరుక్షణం ఒత్తిడి పడి తిరుగుతుంది. నీళ్ళను ఎంత నొక్కినా నలగవు కాబట్టి ప్రతి కుదుపూ నేరుగా కుళాయి దాకా వస్తుంది. కుళాయి మూతిలో జాలీ పూడుకుపోతే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. జాలీ విప్పి చూస్తే దాన్నిండా ఉప్పు పేరుకుని ఉంది. పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దేశాడు.

మిత్రుడూ గాలే!

ఇప్పుడు చూడండి తమాషా. ఇందాక వెళ్ళగొట్టిన గాలినే మేస్త్రి మళ్ళీ పిలిచాడు! సంచిలోంచి ఒకటిన్నర అంగుళాల లావున్న రెండడుగుల ఇనప గొట్టం తీశాడు. ఒక కొసకు మూత బిగించాడు. రెండో కొసను పంపు తోసే పక్క 'టీ' పెట్టి నిలువుగా కలిపాడు. మరలకు తెల్ల టేపు చుట్టాడు. గొట్టం లోపల ఏముంది? ఒట్టి గాలి!

పంపు తోసినప్పుడు కొంత నీరు ఆ గొట్టంలోకి ఎక్కి గాలిని నొక్కుతుంది. పంపు తగ్గినప్పుడు ఆ గాలి స్ప్రింగులా నీళ్ళను తిరిగి తోస్తుంది. కుదుపుల్ని గాలి మింగేస్తుంది. కుళాయికి చేరేది నున్నటి ధార.

"ఇది నాటువైద్యం సామీ. కొన్నాళ్ళకు ఆ గాలి నీళ్ళలో కరిగి పోతాది. అప్పుడు నీళ్ళు ఒంపి మళ్ళీ గాలి పట్టియ్యాల. లోపల రబ్బరు తిత్తి ఉండే చిన్న ట్యాంకు దొరుకుతాది, అక్యుములేటరంటారు. అది పెట్టుకుంటే పీడ పోతాది" అన్నాడు. ఆ ట్యాంకులో గాలి ఎంతుందో పంపు ఆపి, కుళాయి తిప్పి వదిలేసి, టైర్లకు వాడే గేజితోనే చూసుకోవచ్చట.

తరవాత సరస్సు అవతలికి చెయ్యి చూపించి అన్నాడు: "రాకెట్టుకి కూడా ఇదే జబ్బు వస్తాది తెలుసునా!"

నేను నమ్మలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే అక్షరాలా నిజం!

మీరు 'అపోలో 13' సినిమా చూసే ఉంటారు. 1995లో వచ్చింది, టామ్ హాంక్స్ నటించాడు. రాకెట్ ఎగిరాక మధ్య ఇంజను ముందే ఆగిపోయే ఘట్టం గుర్తుందా? అది కల్పన కాదు. 1970 ఏప్రిల్ 11న రెండో అంచెలోని మధ్య ఇంజను నిజంగానే సుమారు రెండు నిమిషాలు ముందుగా ఆగింది. కారణం 'పోగో' అనే కుదుపు. పిల్లలు ఎక్కి గెంతే స్ప్రింగు కర్ర పేరది. ఇంజను తోపు ఊగితే రాకెట్ ఊగుతుంది, దాంతో గొట్టాల్లోని ఇంధనం ఊగుతుంది, పంపుకు హెచ్చుతగ్గులుగా అందుతుంది, తోపు మరింత ఊగుతుంది. మందేమిటంటారా? ద్రవం పోయే దారిలో వాయువు దిండు! వ్యోమగాముల్ని మోసిన జెమినీ టైటాన్ రాకెట్లకు 1960లలోనే నిలువు గొట్టాలు అమర్చారు. అపోలో 14 నుంచి ఆ మధ్య ఇంజనుకు అక్యుములేటర్ పెట్టారు. మన మేస్త్రి ఇనప గొట్టానికి పెద్దన్నలన్నమాట!

శ్రీహరికోటకైతే చిన్న సందు చేసే పెద్ద నష్టం కొత్త కాదు. 1979 ఆగస్టు 10న తొలి ఎస్.ఎల్.వి.-3 ఒక కవాటం లోపం వల్లనే బంగాళాఖాతంలో పడింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టింది. 2013 ఆగస్టు 19న జి.ఎస్.ఎల్.వి. రెండో అంచెలో ఇంధనం కారుతోందని గంటంపావు ముందు ప్రయోగం ఆపేశారు. 2014 జనవరి 5న జయప్రదంగా ఎగిరింది. ఎవరినో తిట్టి, బేటా కోసి ఊరుకుంటే ఎగిరేదా? సందు ఎక్కడో వెతికారు, బాగు చేశారు.

పేకప్!

ఇక మన షూటింగ్. కుళాయి నున్నగా పారింది. నాయిక ముఖం కడుక్కుని బయటికి తొంగిచూసింది. బురదతో నిలబడ్డ అమ్మాయిల్ని చూసి, "అట్లా చూస్తారేంటి? రండి లోపలికి!" అంది. ఎనిమిది మందీ ఒకరి తరవాత ఒకరు ఆవిడ కారవాన్‌లోనే కడుక్కున్నారు. అడ్డం పట్టే చీరలతో ఆ పూట పని పడలేదు.

పొద్దు నీళ్ళను తాకేవేళకు తొమ్మిది మంది తెల్లబట్టల్లో నిలబడ్డారు. రెండు టేకుల్లో షాట్ ఓకే!

మద్రాసు నుంచి కొత్త పంపు రాత్రి తొమ్మిదికి వచ్చింది. డబ్బా విప్పకుండానే స్పేరుగా లోపల పెట్టారు. "బేటా సంగతి మర్చిపోరా" అన్నారు మేనేజర్ గారు, వేరే వైపు చూస్తూ. కుర్రాడు మాత్రం ఆయన వైపే చూశాడు. ఏమీ అనలేదు. టార్చి తీసుకుని, పంపు దగ్గర క్లిప్పు బిగువు మరోసారి చూడ్డానికి లోపలికి వెళ్ళాడు.

మేస్త్రి అడిగింది కూలి, నాయికతో ఒక ఫొటో. ఫొటో నేనే తీశాను. నాయిక నవ్వుతోంది. మేస్త్రి మాత్రం నవ్వడం మర్చిపోయి, చేతిలోని పాత రబ్బరు రింగునే చూస్తున్నాడు!