మిర్యాలగూడెం అంటే ఒప్పుకోని ప్రోగ్రాం

2016 అక్టోబరు 11కు ముందు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్గొండ జిల్లాలోనివే. ఆ రోజున సూర్యాపేట కొత్త జిల్లా అయింది. కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయింది. మనుషులకు ఇదేమంత చిక్కు కాదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు జిల్లా సరిహద్దు చూసుకుని మిల్లుకు పోవు కదా. కానీ పదేళ్ల ధాన్యం లెక్కలను ఒకే ఫైలులో పేర్చి, నల్గొండ జిల్లా మొత్తం ఎంత అని కంప్యూటరును అడిగితే, 2015 జవాబులో కోదాడ ఉంటుంది, 2017 జవాబులో ఉండదు. పంట పోయిందా అని బెంగపడేంత తేడా వస్తుంది. పోయింది పంట కాదు, ప్రశ్నలో ఒక ముక్క.

ఇలాంటి లెక్కలకు పైథాన్ లాంటి భాషలో చిన్న స్క్రిప్టు రాసుకోవడం ఇప్పుడు మామూలైంది. మొదట్లో ఎవరైనా ఊరి పేరును ప్రోగ్రాం లోపలే రాసేస్తారు. మర్నాడు కోదాడ బదులు సూర్యాపేట కావాలంటే ఫైలు తెరిచి, పాత పేరు కొట్టేసి, కొత్తది పెట్టాలి. కొన్నాళ్లకు అదే ప్రోగ్రాంకు నాలుగు నకళ్లు తయారవుతాయి. వాటిలో ఏది సరైనదో రాసినవాళ్లకే గుర్తుండదు. దీనికి మందు ఒకటే: మారే సంగతులను ప్రోగ్రాం లోంచి బయటికి తీసి, నడిపే ప్రతిసారీ పైనుంచి చెప్పడం. అలా చెప్పే మాటలే కమాండ్‌లైన్ ఆప్షన్లు. ఆదేశం ఇలా ఉంటుంది:

పైథాన్ వడ్లు.పీవై --ఊరు కోదాడ --తేమ 17 లెక్కలు.సీఎస్‌వీ

కోదాడ లెక్కలు మాత్రమే తీయి, తేమ 17 శాతం దాటినవి పక్కన పెట్టు, లెక్కలు ఫలానా ఫైలులో ఉన్నాయి అని దీని అర్థం. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ హద్దు ఆ 17 శాతమే. ఆప్షన్ల పేర్లు తెలుగులో ఉన్నాయేమిటి అని సందేహం రావచ్చు. పైథాన్ మూడో తరం వాటిని నిక్షేపంగా ఒప్పుకుంటుంది. ఇంకో చిత్రం, 17కు బదులు తెలుగు అంకెల్లో ౧౭ అని ఇచ్చినా దాన్ని పదిహేడుగానే చదువుకుంటుంది. తెలుగు అంకెలను మనం మర్చిపోయాం, పైథాన్ మర్చిపోలేదు.

మనం కొట్టిన ఈ వరుస నేరుగా ప్రోగ్రాం చేతికి అందదు. మధ్యలో షెల్ అనే మరో ప్రోగ్రాం దాన్ని ఖాళీలున్న చోటల్లా తెంపి, ముక్కల జాబితాగా మార్చి అందిస్తుంది. ప్రోగ్రాం దృష్టిలో అవన్నీ వట్టి అక్షరాలే. 17 కూడా ఇంకా సంఖ్య కాదు, ఒకటి, ఏడు అనే రెండు గుర్తులు. ఏ ముక్క ఆప్షను, ఏది దాని విలువ, ఏది ఫైలు పేరు అని విడదీసి అర్థం కట్టే పనినే పార్సింగ్ అంటారు.

ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పుట్టిన రోజుల్లో వాడిన టెలిటైపు యంత్రాలు సెకనుకు 10 అక్షరాలు మాత్రమే అచ్చు వేసేవి. గీత పక్కన ఒకే అక్షరం పెట్టే పొదుపు అలవాటు ఆ కాలంలోనే కుదిరింది. ఒక్కో ప్రోగ్రాం ఒక్కో తీరున ఆప్షన్లు చదువుతుంటే, 1980 ప్రాంతంలో ఏటీ అండ్ టీ సంస్థలో గెటాప్ట్ అనే ఉమ్మడి సాధనం రాశారు. 1985లో డల్లాస్‌లో జరిగిన యూనిఫోరం సదస్సులో దాన్ని అందరికీ వదిలేశారు. రెండు గీతలతో మొదలయ్యే పొడుగు పేర్లను తర్వాత గ్నూ ప్రాజెక్టు వ్యాప్తిలోకి తెచ్చింది. పైథాన్‌లో గెటాప్ట్ తర్వాత ఆప్ట్‌పార్స్ వచ్చింది, 2010లో 2.7 వెర్షనుతో స్టీవెన్ బెథర్డ్ రాసిన ఆర్గ్‌పార్స్ వచ్చింది. ఇంతకన్నా సొగసైన లైబ్రరీలు తర్వాత చాలా వచ్చాయి గానీ, పైథాన్‌తో పాటే దొరికే ఆర్గ్‌పార్స్ చిన్న పనులకు చాలు. దాన్ని వాడితే 'హెల్ప్' అన్న ఆప్షను కూడా దానంతటదే వచ్చేస్తుంది.

వడ్ల లారీ మిల్లులోకి రాగానే దింపేసుకోరు. ముందు కాంటా ఎక్కిస్తారు, తేమ చూస్తారు, సన్నాలా దొడ్డు రకమా తేల్చుకుంటారు. గోదాములో కలిసిపోయాక ఏ బస్తా ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆప్షన్లు చదివే భాగం ప్రోగ్రాంకు ఆ గేటులాంటిది. తప్పు అక్కడే దొరికితే ఒక్క వాక్యంతో తిప్పి పంపొచ్చు. లోపలికి పోయిందా, లెక్కంతా అయ్యాక తప్పుడు మొత్తంగా బయటపడుతుంది, లేదా అసలు బయటపడనే పడదు. చాలామంది ఈ భాగాన్ని ఆఖరి నిమిషంలో అతికించే చిల్లర పనిగా చూస్తారు. నా లెక్కలో ప్రోగ్రాం అంతటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

ఊరి పేరునే తీసుకోండి. ఒకరు మిర్యాలగూడ అని రాస్తారు, ఇంకొకరు మిర్యాలగూడెం అంటారు. నల్గొండను నల్లగొండ అనేవాళ్లకు లెక్కలేదు. ఏ తనిఖీ లేని ప్రోగ్రాంకు మిర్యాలగూడెం అని ఇస్తే, ఆ పేరుతో ఒక్క వరుసా దొరకక మొత్తం సున్నా అని చూపించి నిశ్చింతగా ముగిసిపోతుంది. సున్నాను జవాబు అనుకుని నివేదికలో పెట్టేస్తే ఇక అంతే. ఆర్గ్‌పార్స్‌లో ఒప్పుకునే పేర్ల జాబితా ముందే ఇవ్వొచ్చు. ఆ జాబితాలో లేని మాట వస్తే, ఇది చెల్లదు, ఇవిగో చెల్లేవి అని చెప్పి, తప్పుకు గుర్తుగా 2 అనే సంకేతంతో ఆగిపోతుంది. మిర్యాలగూడెం అన్నవారిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేకపోతే, ఆ పేరును మిర్యాలగూడగా మార్చే చిన్న ఫంక్షను రాసి పెట్టొచ్చు. ఆర్గ్‌పార్స్ ముందు ఆ మార్పు చేసి, ఆ తర్వాతే జాబితాతో పోల్చుతుంది. అయితే మారుపేర్లను మనమే రాసివ్వాలి. దగ్గరగా ఉంది కదా అని ప్రోగ్రాం తనకు తాను ఊహించుకోకూడదు.

తెలుగులో కంటికి కనిపించని ఉచ్చు మరొకటుంది. సూర్యాపేట జిల్లాలో పెన్‌పహాడ్ మండలం ఉంది. 'న్' కింద 'ప' ఒత్తుగా పడకుండా విడిగా నిలవాలంటే మధ్యలో కనిపించని ఒక అక్షరం టైపు చేయాలి. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే కంప్యూటరుకు అవి రెండు వేరే ఊళ్లు. పేరు చివర ఆ అక్షరం అనవసరంగా అంటుకుంటే తెరమీద తేడా కూడా కనిపించదు. పోల్చే ముందు దాన్ని రెండు వైపులా తీసేయడం మేలు. అదే జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) మండలం ఇంకో రకంగా విసిగిస్తుంది. పేరులోని ఖాళీ దగ్గర షెల్ రెండు ముక్కలు చేయబోతుంది, బ్రాకెట్లను చూసి అసలు ఆదేశాన్నే తప్పుపడుతుంది. మొత్తం పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే గొడవ ఉండదు.

సంఖ్యల విషయానికొస్తే, తేమ దశాంశ సంఖ్య అని చెబితే 17% అన్నదాన్ని ఆర్గ్‌పార్స్ వెనక్కి పంపుతుంది. కానీ 17.0లో చుక్క జారి 170 అయితే హాయిగా ఒప్పుకుంటుంది, అదీ సంఖ్యే కాబట్టి. సున్నాకూ నూరుకూ మధ్య ఉందా అన్న తనిఖీ మనమే రాయాలి. అవునా, కాదా అనే ఆప్షన్లలో ఇంకా పెద్ద గుంట ఉంది. సన్నాలు మాత్రమే కావాలా అన్నదానికి పైథాన్‌లోని బూల్ అనే రకాన్ని తగిలిస్తే, వాడేవారు 'ఫాల్స్' అని కొట్టినా అవుననే తీసుకుంటుంది. ఖాళీ కాని ఏ మాటైనా దానికి అవునే. ఇలాంటి చోట విలువ ఏమీ అడగకుండా, ఆప్షను ఉంటే అవును, లేకపోతే కాదు అన్నట్టు పెట్టాలి.

ఆర్గ్‌పార్స్ అతి మర్యాద కూడా ఒకటుంది. ఆప్షను పేరు సగమే కొట్టినా గుర్తుపడుతుంది. --తేమకు బదులు --తే అన్నా చాలు. కొన్నాళ్లకు మీరు --తేదీ అనే కొత్త ఆప్షను చేర్చారనుకోండి. నిన్నటిదాకా --తేతో నడిచిన ఆదేశాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, ఏ 'తే' అన్నది దానికి తేలదు కనుక. 3.5 వెర్షను నుంచి ఈ సదుపాయాన్ని ఆపేసే వీలుంది. ఆపేయమనే నా సలహా.

జిల్లా సంగతి మాత్రం ఏ లైబ్రరీ తేల్చలేదు. పాత హద్దులా, కొత్త హద్దులా అనే ఆప్షను పెట్టి, దాన్ని తప్పనిసరి చేయడమే నయం. ఏదో ఒకటి ముందే అనేసుకుంటే సగం మందికి తప్పుడు జవాబు వెళుతుంది, అదీ వాళ్లకు తెలియకుండా.

ఇంకో మాట. ఆదేశాన్ని వర్డ్ ఫైలులో రాసి పంపితే అది రెండు చిన్న గీతలను కలిపి ఒకే పొడుగు గీతగా మార్చేస్తుంటుంది. దాన్ని కాపీ చేసి నడిపినవారికి ఆప్షను ఆప్షనుగా పనిచేయదు, కారణమూ అర్థం కాదు. అందుకని ఆదేశాలను సాదా టెక్స్టు ఫైలులోనే ఇవ్వండి. స్క్రిప్టును ఇంకొకరి చేతిలో పెట్టే ముందు తప్పు ఊరు, గుర్తుతో కూడిన శాతం, లేని ఫైలు, అసలు ఏమీ ఇవ్వకపోవడం ఇవన్నీ ఒకసారి ప్రయత్నించి చూడండి. ప్రతిదానికీ అది ఏం చెప్పి ఆగుతోందో చదవండి. ఆ వాక్యం చదివి ఏం దిద్దుకోవాలో కోదాడలోని కొత్త గుమాస్తాకు అర్థం కాకపోతే, దాన్ని తిరగ రాయండి.