4.3 కళ్లు పొడిబారడం: కారణాలు, చికిత్స

చదువుతున్నప్పుడు కంట్లో ఇసుక పడినట్లు గరగరలాడి, నీరు కూడా కారుతుంటే అది పొడికన్ను కావచ్చు. నీరు కారే కన్ను పొడిబారడమేమిటని మీకు సందేహం కలగవచ్చు. కంటిపై పరచుకునే కన్నీటి పొరలో జిగురు, నీరు, నూనె ఉంటాయి. రెప్పల అంచున ఉన్న మైబోమియన్ గ్రంథుల నుంచి నూనె సరిగా రాకపోతే నీరు త్వరగా ఆవిరవుతుంది. ఎండిన చోట మంట పుట్టి, దానికి ప్రతిచర్యగా కన్నీరు ఊరుతుంది. కానీ అది కంటిపై నిలవక చెంప మీదికి జారిపోతుంది.

మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. ఫోను చూస్తున్నప్పుడు ఇది సగానికన్నా తగ్గవచ్చు. వీడియో పాఠాలు చూసే మీరు మధ్యమధ్య కావాలనే రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకండి. గ్రంథులు మూసుకుపోయినట్లయితే గోరువెచ్చని గుడ్డతో 5 నుంచి 10 నిమిషాలు కాపడం పెట్టాలి. కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు 4 సార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివి మేలు.

ఎరుపు తగ్గడానికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతోనే అసలు ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే హాయిగానే ఉంటుంది, అందుకే మానరు. దీర్ఘకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు. అలా పోయిన చూపు తిరిగి రాదు. నోరు కూడా ఎండుతూ కీళ్లనొప్పులుంటే షోగ్రెన్ వ్యాధి కావచ్చు కాబట్టి ఆ సంగతి కంటి వైద్యునికి తప్పక చెప్పండి.