గుర్రంకొండ కోట, కైగల్ మడుగు

మదనపల్లె నుండి ఉదయమే బయలుదేరి, చోటెరిగిన పెద్దమనిషి వెంట గుర్రంకొండ చేరితిమి. కొండ క్రింద రంగిన్ మహలు, చుట్టును శిథిల ప్రాకారములు. 1791లో నిజాము, ఆంగ్లేయ సేనలు టిప్పు సుల్తాను దళముల నుండి దిగువకోటను గైకొనెను. 1800లో నిజాము ఈ సీమను దత్తమండలములతో పాటు కంపెనీకి అప్పగించెను. చెప్పువారు లేకున్న మాకవి వట్టి రాళ్లకుప్పలే!

మధ్యాహ్నము పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పము దారిలోని కైగల్ జలపాతము చేరితిమి. దీనినే దుముకురాళ్లందురు. వరదసుడిలో చిక్కిన రాళ్లు గిరగిర తిరుగుచు బండను తొలిచి గుంటలు చేయును. అందుచేత నిశ్చలముగా కనబడు మడుగులోను లోతు హఠాత్తుగా పెరుగవచ్చును. పాచిబండపై కాలు జారును. ఈత వచ్చినవారును స్థానికుల మాట వినవలెను. మేము వారు చూపిన ఒడ్డుననే స్నానమాడి, పొద్దుండగనే మరలితిమి.