కాటా ఒప్పుకున్నాకే కత్తి

ఆళ్లగడ్డ శిల్పి అమ్మవారి విగ్రహం మొదలుపెట్టేది కొలతతో. ముఖం పొడవు ఒక తాలం, తాలానికి పన్నెండు అంగుళాలు. ఇవి శిల్పశాస్త్రపు అంగుళాలు, దర్జీ టేపు మీదివి కావు. దేవీ విగ్రహానికి మధ్యమ దశతాలం, అంటే తల నుంచి పాదం దాకా 120 అంగుళాలు. నడుము ఎంత, పిరుదులు ఎంత అన్నది ఆ లెక్కలోంచే తేలుతుంది. సన్నని నడుము, నిండైన పిరుదులు అన్న ఇష్టం ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టిందేమీ కాదు. 1993లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో దేవేంద్ర సింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని ఒక అంకెలో పెట్టాడు. నడుము కొలతను పిరుదుల కొలతతో భాగిస్తే 0.7 దగ్గర వచ్చే ఆకారం చూసేవాళ్లకు ఎక్కువగా నచ్చుతుందన్నాడు. కాస్మెటిక్ సర్జన్ల నోట ఆ అంకె ఇప్పటికీ వినిపిస్తుంది.

శిల్పికి ఆ కొలత తేవడం చేతిలో పని. రాయి చాలకపోతే ఇంకో రాయి తెచ్చుకుంటాడు. సర్జన్‌కు ఆ వీలు లేదు. పిరుదులను నిండుగా చేసే ఆపరేషన్‌లో అక్కడ పెట్టే కొవ్వు అదే మనిషి ఒంట్లోంచి రావాలి. పొట్ట, నడుము పక్కలు, వీపు, తొడలు: ఉంటే వీటిలోనే ఉండాలి. అందుకే ఈ ఆపరేషన్ గురించి వచ్చిన వాళ్లను ముందు బరువు తూచే యంత్రం ఎక్కిస్తారు.

దీని పేరు బ్రెజిలియన్ బట్ లిఫ్ట్, వాడుకలో బీబీఎల్. ఒకచోట సన్నని గొట్టంతో కొవ్వు పీలుస్తారు, అదే లైపోసక్షన్. పీల్చినదాంట్లోంచి సెలైన్, రక్తం వేరుచేసి, మిగిలిన కొవ్వును పిరుదుల్లోకి ఎక్కిస్తారు. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ఈ మాట ముందు వచ్చేది ఫోనులోంచే. చేయించుకోవాలనుకునే వాళ్లు చూసేది మాత్రం హైదరాబాదు, బెంగళూరు వైపు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఎత్తు 155 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల ఒక అంగుళం. ఆ ఎత్తుకు 46 కిలోలుంటే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె, 19. 62 కిలోలుంటే దాదాపు 26. 78 కిలోలుంటే 32 దాటుతుంది. ముగ్గురూ ఒకే క్లినిక్‌కు వెళ్తే ముగ్గురికీ వేరువేరు జవాబులు రావాలి. ముగ్గురికీ ఒకే తేదీ, ఒకే ప్యాకేజీ ఇచ్చే చోట ఇంకో ప్రశ్న అడగకుండా వెనక్కి వచ్చేయొచ్చు.

46 కిలోల అమ్మాయి సంగతి. ఒక్కో వైపు 400 మిల్లీలీటర్లు పెట్టాలన్నా శుభ్రమైన కొవ్వు 800 మిల్లీలీటర్లు కావాలి. పీల్చినదంతా కొవ్వు కాదు కాబట్టి అంతకు చాలా ఎక్కువే పీల్చాలి. ఈ ఒంట్లో అంత నిల్వ ఉండదు. అప్పుడు కొన్ని చోట్ల వినిపించే సలహా: "ఓ అయిదారు కిలోలు పెరిగి రామ్మా." వినడానికి ఎంత సులువో! రెండు నెలలు నెయ్యి, స్వీట్లు, బిర్యానీ. కానీ పెరిగిన బరువు సర్జన్‌కు కావలసిన చోటే చేరుతుందన్న హామీ లేదు. పైగా ఆపరేషన్ అయ్యాక ఆమె తిండి మళ్లీ మామూలవుతుంది, బరువు దిగుతుంది. అంటుకున్న కొవ్వు కణాలు కూడా ఒంటితో పాటే చిక్కిపోతాయి. డబ్బు, నొప్పి మిగులుతాయి, ఆకారం మిగలదు. నా మటుకు నాకు ఈ పరిశ్రమలో అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే అనిపిస్తుంది.

78 కిలోల ఆమెకు కొవ్వుకు కొరత లేదు. ఆమె ఇబ్బంది మత్తుమందు దగ్గర మొదలవుతుంది. బీఎంఐ 30 దాటిన కొద్దీ నిద్రలో శ్వాస ఆగే జబ్బు, షుగరు, బీపీ ఉండే అవకాశం పెరుగుతుంది. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, గాయం ఆలస్యంగా మానడం, చీము పట్టడం కూడా అంతే. చాలామంది సర్జన్లు 30 దగ్గర గీత గీస్తారు, కొందరు ఇంకాస్త పైకి ఒప్పుకుంటారు. ఆమెకు ఇంకో అపోహ కూడా ఉండొచ్చు, లైపోతో బరువు తగ్గుతుందని. లీటరు కొవ్వు కిలో కూడా తూగదు. ఒకేసారి అయిదు లీటర్లకు మించి పీల్చడం మామూలుగా సురక్షితం కాదంటారు, అందులోనూ కొంత నీళ్లూ రక్తమే. తీసిందాంట్లో కొంత తిరిగి అదే ఒంట్లోకి వెళ్తుంది. మర్నాడు కాటా ఎక్కితే వాపుతో అంకె పెరిగి కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఇక 62 కిలోల ఆమె. అమెరికా పట్టికలో ఆమెది "కాస్త ఎక్కువ బరువు" మాత్రమే. మన దగ్గర కథ వేరు. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన వైద్యులే గీత మార్చారు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ దీని వెనకున్న సంగతిని లోకానికి చూపించారు. ఒకే బీఎంఐ ఉన్న తెల్లవాడి ఒంట్లో కంటే మనవాడి ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఆ కొవ్వులో పెద్ద వాటా పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయం మీద చేరుతుంది. లైపో గొట్టం అక్కడికి వెళ్లదు, వెళ్లకూడదు. అది అందుకునేది చర్మానికీ కండకూ మధ్య ఉన్న పొరను మాత్రమే. చీర కుచ్చిళ్ల మీద పొట్ట ముందుకొచ్చి కనిపిస్తున్నా, చేత్తో పట్టుకుంటే మడత పలచగా ఉంటే, ఆ పొట్టలోంచి తీయడానికి పెద్దగా ఏమీ ఉండదు. విదేశీ వీడియో చూసి "నాకూ అంతే బరువుంది కదా" అనుకునే వాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఇంకో అంకె కూడా మనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36 శాతం అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అదే సర్వేలో 58 శాతానికి పైగా మహిళలకు రక్తహీనత. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. లైపోలో రక్తం పోతుంది. కొవ్వు సరిపడా ఉండి హిమోగ్లోబిన్ తొమ్మిది ఉంటే ఆ రోజు కత్తి పట్టకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ ఆపరేషన్ చరిత్ర అలాంటిది. పిరుదుల కండ లోతులో పెద్ద సిరలున్నాయి. కొవ్వు ఎక్కించే గొట్టం కండలోకి దిగి సిరను చీలిస్తే, కొవ్వు గుండెకు, అక్కడినుంచి ఊపిరితిత్తులకు వెళ్లి ప్రాణం తీస్తుంది. 2017లో అమెరికా సర్జన్ల కార్యదళం వేసిన అంచనా మూడు వేల ఆపరేషన్లకు సుమారు ఒక మరణం. అందం కోసం చేసే ఏ ఆపరేషన్‌లోనూ అప్పట్లో అంత ఎక్కువ లేదు. బ్రిటన్ సర్జన్ల సంఘం 2018లో దీన్ని చేయవద్దని సభ్యులను కోరింది. ఫ్లోరిడా 2019లో కండలోకి కొవ్వు ఎక్కించడాన్నే నిషేధించింది. చర్మం కింది పొరలోనే పెట్టాలి, గొట్టం ఎక్కడుందో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పెట్టాలి అన్న పద్ధతి ఆ తర్వాత బలపడింది. బక్కపలచని వాళ్లలో ఆ పొరే పలచన. అంటే బరువు తక్కువున్న చోట సర్జన్ చెయ్యి ఇంకా పొదుపుగా కదలాలి.

తెలుగువాళ్లకు లైపో మాట ఎత్తితే గుర్తొచ్చే పేరు ఆర్తీ అగర్వాల్. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగు తెరకు పరిచయమైన ఆమె 2015 జూన్ 6న అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో చనిపోయింది. వయసు 31. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ జరిగిందని అప్పట్లో ఆమె మేనేజర్ చెప్పారు. చావుకు కారణం అదేనని నేను తీర్పు చెప్పబోను. కానీ ఆమె బరువు గురించి సినిమా పత్రికలు రాసిన రాతలు ఎవరూ మరచిపోకూడదు. 2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత కన్నుమూసింది. ఆమెకు 21 ఏళ్లు.

మరి సరైన బరువేది? అంకె కంటే నిలకడ ముఖ్యం. మూడు నుంచి ఆరు నెలలు అటూ ఇటూ పెద్దగా కదలని బరువు ఉండాలి. తగ్గాల్సింది ఉంటే ముందే తగ్గాలి. పిల్లల్ని కనాలనుకుంటే ఆ తర్వాతే దీని మాట. పెట్టిన కొవ్వులో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులే బతుకుతుంది. బతికింది పాత స్వభావం మరవదు. పొట్టలోంచి వచ్చిన కణం, మీరు లావైతే, కొత్త చోట కూడా పొట్టలాగే ఉబ్బుతుంది. 2025లో మన మార్కెట్‌లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడేవాళ్లు ఆ సంగతి సర్జన్‌కూ, మత్తు డాక్టరుకూ తప్పక చెప్పాలి. ఈ మందులతో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మత్తులో ఉండగా తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ ఇంజెక్షన్లు ఆపరేషన్ తర్వాత మొదలుపెట్టి పది కిలోలు తగ్గితే పెట్టించుకున్న కొవ్వూ ఆ పదిలో భాగమవుతుంది.

ఆఖరుగా ప్రయాణం. రెండు వారాలు, కొందరి లెక్కలో ఇంకా ఎక్కువ, పిరుదుల మీద భారం వేసి కూర్చోకూడదు. కూర్చుంటే కొత్తగా పెట్టిన కొవ్వు రక్తం అందక చచ్చిపోతుంది. ఆళ్లగడ్డ నుంచి హైదరాబాదు వెళ్లొచ్చే వాళ్లకు ఇది చిన్న సమస్య కాదు. జాతీయ రహదారి 40 మీద నంద్యాల మీదుగా కర్నూలు, అక్కడి నుంచి హైదరాబాదు. బస్సు సీటులో అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కొవ్వుకూ చేటు, కాళ్లలో గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. బరువెక్కువ వాళ్లకు అది మరీ ఎక్కువ. ఆపరేషన్ బిల్లు పక్కన ఆ ఊళ్లో పది పదిహేను రోజుల గది అద్దె, తోడుండే మనిషి, వెనక సీటులో బోర్లా పడుకుని రావడానికి ఒక కారు కూడా రాసుకోండి. ఊరు చేరాక ఒక రాత్రి ఆయాసం వస్తే, కాలి పిక్క వాచి సలిపితే, తెల్లారేదాకా చూడకుండా నంద్యాల పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడి డాక్టరుకు ఏ ఆపరేషన్ చేయించుకున్నారో సిగ్గుపడకుండా ముందే చెప్పాలి.